ఆటోనగర్‌లో బోర్డు లేని షెడ్డు, నా 122, 123 చిట్టి ట్రాక్టర్లు: గేరు బండికీ హైడ్రో బండికీ తేడా నాకు అక్కడే తెలిసింది

ముందే చెప్తున్నా, ఈ షెడ్డుకి బోర్డు లేదు, మ్యాప్‌లో వెతికితే దొరకదు, మేస్త్రి గారు "నా పేరు ఎక్కడా ఎక్కించొద్దు బాబూ, ఉన్న పనికే టైము చాలట్లా" అన్నారు కాబట్టి పేరు కూడా రాయట్లేదు. విజయవాడ ఆటోనగర్‌లో 100 అడుగుల రోడ్డు మీంచి లోపలికి తిరిగి, లారీ బాడీలు కట్టే షెడ్లు దాటి పోతే వరి కోత మిషన్లు ఒకదాని పక్కన ఒకటి పళ్ళు బయటపెట్టుకుని నిలబడి ఉంటాయి, అక్కడ ఆగి "హెచ్‌ఎస్‌టీ చేసే మేస్త్రి ఎక్కడ" అని ఏ కుర్రోణ్ణి అడిగినా చూపిస్తాడు (హెచ్‌ఎస్‌టీ అంటే గేర్లు మార్చకుండా నూనె ఒత్తిడితో బండిని నడిపే హైడ్రోస్టాటిక్ పద్ధతి). నేను ఇచ్చేది 5కి 4. ఆ ఒక్కటి ఎందుకు కోసేశానో కింద చెప్తా.

కథ మొదట్నుంచీ చెప్పాలి, లేకపోతే అర్థం కాదు. మాకు నూజివీడు దగ్గర 5 ఎకరాల మామిడి తోట ఉంది, చిన్నరసాలు, బంగినపల్లి. తోటలో గడ్డి మనిషెత్తు లేస్తది, పెద్ద ట్రాక్టరు పెడదామంటే పాత చెట్ల కొమ్మలు కిందకి వంగి డ్రైవరు తలకి తగుల్తాయి, పవర్ టిల్లర్ పెడితే దాని వెనకాల నడిచి నడిచి మనిషి పిప్పి అయిపోతాడు. మా బావకి (అక్క మొగుడు) వేలంపాటల పిచ్చి. ఎక్కడో మూతపడ్డ ఫ్యాక్టరీ గెస్ట్‌హౌస్ సామాన్లు వేలం వేస్తంటే పోయి, పాత మంచాలు కొనుక్కొస్తాడనుకుంటే, 2 చిట్టి ట్రాక్టర్లు టాటా ఏస్ మీద వేసుకుని వచ్చాడు. ఎప్పుడో అమెరికా దొరలు పని మీద వచ్చి ఉన్నప్పుడు లాన్ కొయ్యడానికి తెచ్చుకుని, పోతూ పోతూ వదిలేసిన బళ్ళు అంట. రెండూ కలిపి 38,000. "ఒరేయ్, బొమ్మల్లాగా ఉన్నాయి గానీ చెయ్యేసి చూడు, పోత ఇనుము" అన్నాడు. నిజమే, బానెట్టు మీద కొడితే రేకు మోత కాదు, గంట మోత.

పసుపు, తెలుపు రంగు, రెండూ కవల పిల్లల్లాగా ఉన్నాయి. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వాళ్ళ కబ్ క్యాడెట్. ఒకదాని మీద 122 అని ఉంది, ఇంకోదాని మీద 123. ఒక్క అంకె తేడా కదా, రెండోది కాస్త తర్వాతది అయ్యుంటది అనుకున్నాం. అక్కడే పప్పులో కాలేశాం. రెండూ 1965-67 మధ్య తయారైన బళ్ళే, రెండింట్లోనూ ఒకటే ఇంజను, కోలర్ కె301, ఒకే సిలిండరు, 12 గుర్రాలు. తేడా అంతా సీటు కింద ఉంది. 122లో గేర్లు, మూడు ముందుకి ఒకటి వెనక్కి. 123లో అసలు గేరు మార్చే పనే లేదు, నూనె ఒత్తిడితో నడుస్తది, హైడ్రోస్టాటిక్ అంటారు. ఆ కంపెనీ చిట్టి ట్రాక్టర్లలో హైడ్రో పెట్టిన మొట్టమొదటి బండి ఈ 123యేనంట. తమాషా ఏంటంటే వాళ్ళు ఇంటి గడ్డి కోసే బండికి ముందు పెట్టి, పొలం దున్నే పెద్ద ట్రాక్టరుకి తర్వాత పెట్టారు, 656 హైడ్రో అని 1967లో వచ్చింది.

122 తిన్నగానే స్టార్టయింది, నడిచింది, కాపోతే క్లచ్ జారుతోంది. 123 తోనే తంటా. పొద్దున్నే తీస్తే బాగానే పోయేది, 20 నిమిషాలయ్యేసరికి "ఊఊఊ" అని దోమ చెవిలో అరిచినట్టు సన్నగా మొదలెట్టి, అరగంటకి గట్టు ఎక్కలేక ఇంజను మాత్రం హాయిగా తిరుగుతుంటే బండి అక్కడే నిలబడిపోయేది. పైగా న్యూట్రల్లో పెట్టి దిగితే తాబేల్లాగా తనంతట తనే ముందుకి పాకేది. దగ్గర్లో ఒక మెకానిక్కుకి చూపిస్తే (ఊరు, పేరు వద్దు) "గేరు డబ్బాలో ఆయిలు తక్కువుందండీ" అని ఉన్న ఆయిలు మీదే 2 లీటర్లు పోసి 600 తీసుకున్నాడు. అరుపు డబలయ్యింది. అప్పుడు మా తోట దగ్గర కోత మిషను ఓనరు ఒకాయన చెప్పాడు, ఇది మా కుబోటాలో ఉండే హెచ్‌ఎస్‌టీ లాంటిదే, ఆటోనగర్ తీసుకుపో అని.

ఆ మాట విని ఆశ్చర్యపోయాను, కానీ నిజం. మన కృష్ణా డెల్టాలో వరి కోసే కుబోటా డీసీ-68జీ లాంటి చైన్ మిషన్లు నడిచేది ఈ హైడ్రోస్టాటిక్‌తోనే, కూర్చుని నడిపే నాటు మిషన్లలో కూడా కొన్నిటికి అదే. అంటే 60 ఏళ్ళ కిందటి అమెరికా లాన్ బండి రోగం తెలిసిన డాక్టర్లు మన ఆటోనగర్‌లో కోత మిషన్ల పుణ్యమా అని తయారై ఉన్నారు. మనమే ఎక్కడో గూగుల్లో వెతుక్కుంటున్నాం.

సరే, ఆగిరిపల్లి, నున్న మీదుగా రెండు బళ్ళనీ ఏస్‌లో వేసుకుని పోయాం. మే నెల. నున్న మామిడి మార్కెట్టు దగ్గర లారీలు అడ్డంపడి గంట ఆగాం, పన్నెండు గంటలకి ఆటోనగర్ చేరేసరికి బెజవాడ ఎండ బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదు అనిపించింది. మేస్త్రి గారికి అరవై దాటి ఉంటాయి, లుంగీ పైకి కట్టి స్టూలు మీద కూర్చుని ఏదో బేరింగు కడుగుతున్నారు. బండి దింపుతుంటే మావాడు వెనక చక్రాలు పట్టుకుని తోయబోయాడు, కదల్లేదు, "ఏయ్ ఆగు ఆగు, హైడ్రోని అట్టా తొయ్యకూడదు" అని లేచొచ్చి సీటు ముందు మూత తీసి, లోపల 2 చిన్న వాల్వులు వేళ్ళతో నొక్కిపట్టి "ఇప్పుడు తొయ్యి" అన్నారు. మెల్లగా కదిలింది. ఇంజను ఆగి ఉన్నప్పుడు ఆ నూనెకి లోపల పోవడానికి దారి ఉండదంట, ఆ వాల్వులు నొక్కితేనే దారి ఇస్తదంట, అట్టా నొక్కకుండా తాడు కట్టి ఊరంతా ఈడ్చుకుపోతే పంపు లోపల గీతలు పడి పోద్దంట. మేము తోటలో 2 సార్లు 122కి కట్టి 123ని ఈడ్చాం. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు.

తర్వాత ఆయన చేసిన పని చూసి నాకు గురి కుదిరింది. కింద ప్లగ్గు ఒక చుట్టు వదులు చేసి, కారిన ఆయిలు ఒక స్టీలు గ్లాసులో పట్టి, వెలుగులో పెట్టి చూశారు, రెండు వేళ్ళ మధ్య రుద్దారు, తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి మొహం చిట్లించి ఒకటే మాటన్నారు.

"తొంభై."

90 నంబరు గేర్ ఆయిలు అన్నమాట. ఆ మహానుభావుడు పోసిన 2 లీటర్లు. గేరు ఆయిల్లో గంధకం మందు ఉంటది, ఆ కంపు నా ముక్కుక్కూడా తగిలింది, ఆయన గ్లాసు నా దగ్గర పెట్టాక. ఎప్పుడైనా గేర్ బాక్స్ విప్పిన చోట నిలబడి ఉంటే ఆ వాసన మీకూ తెలుసు.

ఎందుకు తప్పు అని అడిగితే మాటల్తో చెప్పకుండా లోపల్నుంచి విప్పేసి ఉన్న కోత మిషను పంపు ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టారు. కొబ్బరికాయంత ఉక్కు ముద్ద, దానికి చుట్టూ తొమ్మిది బొక్కలు, బొక్కకో పిస్టను, రివాల్వర్ తూటాల చక్రంలాగా. పిస్టన్ల తలలన్నీ ఒక పళ్ళెం మీద ఆని ఉంటాయి. ముద్ద తిరుగుతుంటే పళ్ళెం నిటారుగా ఉంటే పిస్టన్లు ఉన్నచోటే తిరుగుతాయి, నూనె పోదు, బండి కదలదు, అదే న్యూట్రల్. పళ్ళాన్ని కొంచెం వాల్చితే (ఆయన నిజంగానే బొటనవేలితో వాల్చి చూపించారు) ఒక పక్క పిస్టన్లు లోపలికి, రెండో పక్కవి బయటికి, నూనె తోస్తది. ఇంకా వాల్చితే ఇంకా ఎక్కువ నూనె, ఇంకా స్పీడు. రెండో పక్కకి వాల్చితే నూనె ఎదురు తిరుగుతుంది, బండి వెనక్కి పోతది. తోసిన నూనె పక్కనే ఇంకో ఇట్టాంటి ముద్దలోకి పోయి దాన్ని తిప్పుతుంది, అది మోటరు, దాన్నించి పళ్ళ చక్రాలు, వాటినించి వెనక చక్రాలు. ఇంత పెద్ద బండి వేగమూ దిశా ఆ పళ్ళెం ఎటు వాలింది అన్నదాని మీదే ఉందంటే నాకు కాసేపు మాట రాలా.

ఇప్పుడు అసలు పాయింటు. పిస్టనుకీ బొక్కకీ మధ్య సందు వెంట్రుక కంటే చాలా సన్నం, రింగులు లేవు, సీళ్ళు లేవు, నూనే సీలు. ఆ సందుల్లోంచి ఎప్పుడూ కొంచెం నూనె కారుతూనే ఉంటది, కారింది పూరించడానికి పక్కన ఇంకో చిన్న పంపు ఉంటది, ఛార్జి పంపు. చిక్కటి 90 పోస్తే ఆ చిన్న పంపు పీల్చలేదు, నూనె అందక లోపల బుడగలు పుట్టి పేలతాయి, అదే మనకి వినపడే ఊఊఊ. మరీ పల్చబడినా కష్టమే, వేడెక్కి నీళ్ళయితే సందుల్లోంచి ఎక్కువ కారిపోయి చక్రాల దాకా ఒత్తిడి చేరదు. "గేరు బండికి మట్టి నూనె పోసినా కొన్నాళ్ళు తిట్టుకుంటా తిరుగుద్ది సార్, దీనికి మాత్రం తిండి తేడా వస్తే మంచం ఎక్కుద్ది" అన్నారు. (మట్టి నూనె మాట ఊరికే అన్నారు, పొయ్యకండి.)

పని మూడు రకాలు చేశారు.

మొదటిది ఆయిలు. ఇంటర్నేషనల్ వాళ్ళు హై-ట్రాన్ అని సొంత ఆయిలు చెప్పేవాళ్ళు. మేస్త్రి గారు దానికి బదులు ఇప్పటి ట్రాక్టర్లలో వెట్ బ్రేకులకీ గేర్ బాక్సుకీ కలిపి పోసే యూటీటీఓ ఆయిలు తెమ్మన్నారు. బండికి పట్టేది ఆరున్నర లీటర్లు, కానీ 20 లీటర్ల బకెట్టు కొనిపించారు, నాకు మొదట కోపం వచ్చింది. తర్వాత తెలిసింది, ఒకసారి నింపి, చక్రాలు గాల్లోకి ఎత్తి అరగంట ముందుకీ వెనక్కీ తిప్పి, ఆ వేడి మీదే దింపేసి మళ్ళీ కొత్తది పోశారు, 90 తాలూకు జిడ్డంతా కడుక్కుపోవాలని. పాత ఫిల్టరుని రంపంతో కోసి, కాగితం మడతలు విప్పి ఎండలో పట్టుకుని చూశారు. ఇత్తడి రంగు పొడి కాస్త మెరిసింది. "ఇంతైతే పర్లేదు, ముక్కలొస్తే మాత్రం బండి అమ్ముకో" అన్నారు. కొత్త ఫిల్టరు డల్లాస్ నుంచి వచ్చింది, మా మేనకోడలు సూట్‌కేసులో పచ్చళ్ళు పట్టుకుపోయి ఫిల్టర్లు పట్టుకొచ్చింది, రెండు తెచ్చింది, ఒకటి బీరువాలో ఉంది.

రెండోది న్యూట్రల్లో పాకే జబ్బు. లివరుకీ ఆ వాలే పళ్ళేనికీ మధ్య బయట ఒక చెవి లాంటి ముక్క ఉంటది, దానికో గాడి, గాడిలో పిన్ను. ట్రనియన్ అంటారంట. 60 ఏళ్ళు పిన్ను ఆ గాడిలో రుద్దుకుని రుద్దుకుని గాడి వెడల్పయిపోయింది, మనం లివరు న్యూట్రల్లో పెట్టినా పళ్ళెం ఇంకా ఒక వెంట్రుక వాలే ఉంటది, అందుకే పాకుడు, అందుకే కదిలేటప్పుడు కుదుపు. ఈ రోగం ఈ మోడళ్ళన్నిటికీ ఉందని తర్వాత చదివాను, ఆయన మాత్రం చదవకుండానే లివరు ఒకసారి అటూ ఇటూ ఆడించి చెప్పేశారు. రిపేరు చూడాలి మీరు. చెవి చుట్టూ తడిగుడ్డ చుట్టి, వెల్డింగు ఎర్త్ క్లిప్పు బండి ఫ్రేముకి కాకుండా ఆ చెవికే పెట్టి (లేకపోతే కరెంటు పంపు బేరింగుల గుండా పోద్దంట), చిటుక్కున రెండు సెకన్లు వెల్డింగు, ఆపు, గుడ్డ తడుపు, మళ్ళీ రెండు సెకన్లు. అట్టా గాడి పూడ్చి, కుర్రోడి చేతికి ఆకురాయి ఇచ్చి, పిన్ను చేతిలో పట్టుకుని ప్రతి పది రుద్దులకీ పెట్టి చూస్తూ దాదాపు 2 గంటలు రుద్దించారు. పిన్ను బిగుతుగా, కానీ వేలితో తోస్తే జారేట్టు కూర్చునేదాకా వదల్లా. నాకు మా తాతగారు కంసాలి దగ్గర కూర్చుని ఉంగరం చేయించుకోవడం గుర్తొచ్చింది.

మూడోది చెయ్యకపోవడం. పంపు విప్పమన్నాను నేనే, ఎలాగూ వచ్చింది కదా లోపల చూద్దాం అని. ససేమిరా అన్నారు. "పనిచేస్తన్న దాన్ని విప్పితే పనిచేసేది పోద్ది" అని ఊరుకున్నారు. విప్పి ఉంటే ఇంకో 10 వేలు బిల్లు వేసుండొచ్చు ఆయన. ఇదొక్కటి చాలు నాకు.

చివరికి పరీక్ష. ఎండలో గంటసేపు తిప్పించి, ఆయిలు బాగా కాగిందాకా ఆగి, గేటు పక్క వేపచెట్టుకి చైను కట్టి బండిని లాగమన్నారు. వెనక చక్రాలు మట్టిలో గిర్రున తిరిగాయి, తవ్వేశాయి. వేడి మీద చక్రాలు తిరిగితే పంపు మంచిదే, చక్రాలు ఆగి ఇంజను మాత్రం హాయిగా తిరుగుతుంటే పంపు అరిగిందని లెక్క. పొద్దున చల్లగా ఉన్నప్పుడు చూపించి అమ్మేవాళ్ళని నమ్మొద్దు, ఏ హైడ్రో బండైనా మధ్యాహ్నం పూట, ఇంకా చెప్పాలంటే బెజవాడ మే నెల మధ్యాహ్నం పూట చూసి కొనాలి.

122 సంగతి పెద్దగా చెప్పడానికి ఏం లేదు, అదే దాని గొప్ప. ఇంజను నుంచి వెనక్కి పొడుగు షాఫ్టు, దాని మీదే క్లచ్ ప్లేటు, వెనక ఫార్మాల్ కబ్ అనే చిన్న పొలం ట్రాక్టరు జాతి గేర్లు, బెల్టు లేదు. క్లచ్ ప్లేటుకి ఆటోనగర్‌లోనే కొత్త లైనింగు వేయించారు, షాఫ్టు పిన్ను బొక్కలు అరిగి గుడ్డు ఆకారంలోకి వచ్చుంటే లేత్‌లో కొంచెం పెద్దది చేసి లావు పిన్ను కొట్టారు, అయిపోయింది, మధ్యాహ్నం మొదలెట్టి టీ టైముకి ఇచ్చేశారు. హైడ్రోకి ముక్కూ, చెవీ, తడిగుడ్డా కావాల్సొచ్చింది, గేరు బండికి సుత్తీ, లేతూ చాలాయి.

ఇప్పుడు రెండూ తోటలో 2 నెలలు నడిపాక నా అభిప్రాయం.

గడ్డి కొయ్యడానికి హైడ్రో ముందు గేరు నిలబడదు. మామిడి మొదలు చుట్టూ కొయ్యాలంటే ముందుకి, వెనక్కి, కొంచెం తిప్పి మళ్ళీ ముందుకి, ఒక్కో చెట్టుకి అరడజను సార్లు. 122లో గేర్లు సింక్రో కాదు, ప్రతిసారీ క్లచ్ నొక్కి, బండి పూర్తిగా ఆగాక, కర్ర లాగి, క్లచ్ వదలాలి, తొందరపడితే కరకరలాడుద్ది. 40 చెట్లు అయ్యేసరికి నా ఎడమ మోకాలు నాది కాదు. 123లో లివరు ముందుకి తోస్తే ముందుకి, వెనక్కి లాగితే వెనక్కి. అంతకంటే ముఖ్యమైంది ఇంకోటుంది, ఇంజను ఫుల్లు స్పీడులో, బ్లేడు ఫుల్లు స్పీడులో తిరుగుతూనే ఉంటది, బండి మాత్రం చీమలాగా పోగలదు. గేరు బండిలో మెల్లగా పోవాలంటే ఒకటో గేరుకి దిగాలి, అప్పటికీ వేగం ఎక్కువనిపిస్తే ఇంజను తగ్గించాలి, ఇంజను తగ్గితే బ్లేడు తగ్గుద్ది, బ్లేడు తగ్గితే గడ్డి తెగదు, వంగుతుంది. మొండి గడ్డి దుబ్బు వచ్చినప్పుడు హైడ్రోలో లివరు సగం వెనక్కి లాగి నెమ్మదిగా తినిపించడం అలవాటయ్యాక, మళ్ళీ గేరు బండి ఎక్కాలంటే బద్ధకం.

కానీ లాగుడు పనికి ఉల్టా. క్రేట్ల ట్రాలీ నింపి తోట చివర్నుంచి గట్టు మీదుగా షెడ్డుకి తేవాలంటే, లేకపోతే చిన్న గుంటక తోలాలంటే, 122 రెండో గేర్లో వేసి వదిలేస్తే పాత ఎద్దులాగా ఒకే నడకన పోతది. 123 కూడా లాగుతుంది, లాగదని కాదు, కానీ 12 గుర్రాల్లో కొన్ని గుర్రాలు నూనె కాచడానికే పోతాయి, పెట్రోలు కూడా ఎక్కువే తాగింది, ఎండలో గంట లాగితే సీటు కింద పెనంలాగా వేడి. గేరు పళ్ళల్లో పోయేది చాలా తక్కువ. పైగా మావాళ్ళకి అలవాటు, శబ్దం తగ్గాలని థ్రాటిల్ సగానికి తగ్గించి నడుపుతారు, హైడ్రోలో అది తప్పు, ఫుల్లు థ్రాటిల్ పెట్టి వేగం లివరుతో తగ్గించుకోవాలి, అప్పుడే ఛార్జి పంపు సరిగ్గా నూనె అందిస్తది. ఇది మా పాలేరుకి అర్థం అయ్యేట్టు చెప్పడానికి నాకు వారం పట్టింది.

ఇంకో సంగతి, నా అనుభవం. గేరు బండిని గేర్లో పెట్టి ఆపేస్తే వాలులో ఇంజనే పట్టి ఉంచుతుంది. హైడ్రో అట్టా పట్టదు, ఆపేశాక సందుల్లోంచి నూనె కారుతూ మెల్లగా జారుతుంది. నేను బ్రేకు వెయ్యకుండా గట్టు వాలులో ఆపి కొబ్బరి బొండాం తాగుతున్నా, వెనక్కి తిరిగి చూసేసరికి పసుపు బండి హుందాగా, ఎవరో కూర్చుని నడుపుతున్నట్టు, పోయి బోదెలో దిగింది. దెబ్బలేం తగల్లేదు. మా బావ మాత్రం ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెప్తాడు.

ఎవరికైనా ఇట్టాంటి పాత బళ్ళు తగిలితే ఒక మాట, సీటు కింద నూనె ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటి కాదు. జాన్ డీర్ 140 (1968లో వచ్చింది) నిజమైన హైడ్రోస్టాటిక్, మా 123 లాగే. వీల్ హార్స్‌లో 8 స్పీడు గేరు బళ్ళున్నాయి, ఆరు ముందుకి రెండు వెనక్కి, అవి మొండి ఘటాలని పేరు. కేస్ వాళ్ళ 222, 444 లాంటివి మూడో రకం, వాటిల్లో వాలే పళ్ళెం లేదు, మామూలు గేరు పంపు నూనె తోస్తుంటే వాల్వుతో ఎంత పోవాలో వదులుతారు, దాన్ని హైడ్రాలిక్ డ్రైవ్ అంటారు, హైడ్రోస్టాటిక్ కాదు. మేస్త్రి గారికి ఫోనులో బొమ్మ చూపిస్తే "ఇది జేసీబీ చుట్టం" అని నవ్వారు. మరి మన షోరూముల్లో దొరికే చిన్న ట్రాక్టర్లు, మహీంద్రా యువరాజ్ 215, వీఎస్‌టీ 18.5 గుర్రాలది, కుబోటా 24 గుర్రాల నియోస్టార్, ఇవన్నీ గేరు బళ్ళే. ఎందుకంటే మనవాడు ట్రాక్టరు కొనేది దున్నడానికీ ట్రక్కు లాగడానికీ గానీ లాన్ కొయ్యడానికి కాదు. పని దున్నుడైతే ఆ షోరూము బండి కొనుక్కోండి, పాత ఇనుము జోలికి రాకండి. తోటలో గడ్డి కోతే మీ బాధైతే, ఆయిలు వాసన చూసే ఓపిక ఉంటే, హైడ్రో.

ఇక షెడ్డు మీద నా ఫిర్యాదులు, కోసేసిన మార్కు ఇక్కడుంది. శనివారం ఇస్తానన్న 123ని 19 రోజులకి ఇచ్చారు. మధ్యలో 4 సార్లు నూజివీడు నుంచి తిరిగాను. కోత సీజను కోసం మిషన్లు ముందే రిపేరుకి వస్తాయి, వాటి ముందు మన బొమ్మ బండికి లైన్లో చోటు ఆఖర్న, ఆ సంగతి ముందే చెప్పుంటే నేను రానే రాను కదా. ఫోను ఎత్తరు. ఎత్తినా పక్క షెడ్డులో రేకు కొట్టే మోతకి ఏం వినపడదు. రాసిచ్చే బిల్లు ఉండదు, సిగరెట్టు పెట్టె అట్ట మీద లెక్క రాసి ఇచ్చారు, 123కి కూలి 6,500, 122కి 2,200, ఆయిలు, లైనింగు, పిన్నులు మనమే కొని తేవాలి. బేరం ఆడబోతే స్టూలు తిప్పుకుని కూర్చున్నారు, అంతే, ఇంక ఆడలేదు. కూర్చోడానికి చోటు లేదు, నీడ కోత మిషను కిందే. మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి మూడు దాకా చాపేసుకుని పడుకుంటారు, ఆ టైములో పోయి లేపితే మీ బండి ఇంకో వారం వెనక్కి పోద్ది, నా 19 రోజుల్లో ఒక వారం అట్టా వచ్చిందేనని నా అనుమానం.

పోయేటప్పుడు ఆయిలు బకెట్టు, ఫిల్టరు మీరే పట్టుకుపోండి, ఇంతకుముందు ఎవరేం పోశారో నిజం చెప్పండి, ఎలాగూ వాసన చూస్తారు. నేను ఈడ్చిన సంగతి బండి తీసుకునే రోజు చెప్పేశాను, "తెలుసు, ఆ వాల్వుల మూతకి దుమ్ము చెదరలేదుగా" అన్నారు.

మా బావ మళ్ళీ ఏదో వేలం ఉందంటున్నాడు, గుంటూరు వైపు. ఈసారి మధ్యాహ్నం పూట పోయి చూడమన్నా.